బోర్డు బయోస్, ప్రాసెసర్ మైక్రోకోడ్: లినక్స్‌లో ఏది ముందు, ఏది ఎలా?

టెర్మినల్_పిట్ట

అందరికీ నమస్కారం. రెండు రోజులుగా ఒక విషయం తేలట్లేదు, అందుకే అడుగుతున్నా. నా డెస్క్‌టాప్‌లో రైజెన్ 5 5600ఎక్స్ ప్రాసెసర్, బి550 బోర్డు, డెబియన్ 12 ఉన్నాయి. ఎల్‌ఎస్‌సీపీయూ కమాండ్ కొడితే చివర్లో ప్రాసెసర్ లోపాల జాబితా ఒకటి వస్తుంది కదా, అందులో స్పెక్ ఆర్‌స్టాక్ ఓవర్‌ఫ్లో అన్న వరుసలో "సేఫ్ రెట్, నో మైక్రోకోడ్" అని కనిపిస్తోంది. మైక్రోకోడ్ లేదంటోంది కదా అని రిపాజిటరీ వరుసలో నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ చేర్చి, ఏఎండీ64-మైక్రోకోడ్ ప్యాకేజీ పెట్టి, రీబూట్ చేశాను. ఆ వరుస అలాగే ఉంది, ఒక్క అక్షరం మారలేదు.

బోర్డు బయోస్ (మెషీన్ ఆన్ చేయగానే మొదట నడిచే ఫర్మ్‌వేర్) మాత్రం 2021 నాటిది, కొన్నప్పటి నుంచి ముట్టుకోలేదు. దాన్ని కూడా అప్‌డేట్ చేయాలా? చేయాలంటే ఈ మెషీన్‌లో విండోస్ లేదు. మధ్యలో ఏమన్నా అయితే బోర్డు పోతుందని విన్నాను, అసలు టెన్షన్ అదే. పనంతా దీని మీదే నడుస్తోంది.

పెంగ్విన్‌గూడు

మీరు చేసింది తప్పు కాదు, ప్యాకేజీ ఉండాల్సిందే, తీసేయకండి. అయితే అందులో మీ చిప్‌కి సరిపోయే ఫైల్ ఉండకపోవచ్చు.

మైక్రోకోడ్ అంటే ప్రాసెసర్ లోపల ఇన్‌స్ట్రక్షన్లు ఎలా నడవాలో చెప్పే చిన్న ప్యాచ్. ఇది చిప్‌లో శాశ్వతంగా కూర్చోదు, కరెంటు తీస్తే పోతుంది. అందుకే ప్రతిసారీ ఆన్ చేసినప్పుడు ఎవరో ఒకరు మళ్లీ ఎక్కించాలి. మొదట ఆ పని చేసేది బోర్డు బయోస్, తన దగ్గరున్న కాపీ నుంచి. ఆ తర్వాత లినక్స్ కెర్నల్ లేచేటప్పుడు ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (కెర్నల్‌తో పాటు లోడ్ అయ్యే చిన్న ఫైళ్ల మూట) ముందు భాగంలో ఇంకా కొత్త కాపీ ఉంటే దాన్ని ఎక్కిస్తుంది, లేకపోతే బయోస్ ఇచ్చినదాంతోనే నడుస్తుంది. అంటే మీరు ఎన్నిసార్లు ప్యాకేజీ పెట్టినా, అందులో మీ మోడల్‌కి కొత్తది లేకపోతే ఏమీ మారదు.

ఇంటెల్ వాళ్లు డెస్క్‌టాప్, ల్యాప్‌టాప్, సర్వర్ అన్నిటి ఫైళ్లూ ఒకేచోట విడుదల చేస్తారు, డిస్ట్రోలు (డెబియన్ లాంటివి) తీసుకుని ఇస్తాయి. ఏఎండీ దారి వేరు. లినక్స్-ఫర్మ్‌వేర్‌లోకి చాలాకాలం ఎక్కువగా ఎపిక్ సర్వర్ చిప్‌ల ఫైళ్లే వచ్చాయి, మామూలు రైజెన్‌లకు కొత్త మైక్రోకోడ్ ఎక్కువగా, ఏఎండీ బోర్డు తయారీదారులకి ఇచ్చే అజీసా అనే ముక్కలో కలిసి, వాళ్ల బయోస్ ద్వారా చేరుతూ వచ్చింది. 2023 జూలైలో జెన్‌బ్లీడ్ అనే ఏఎండీ చిప్ లోపం బయటపడినప్పుడు కూడా ముందు రోమ్ సర్వర్ చిప్‌లకే ఫైల్ వచ్చింది, డెస్క్‌టాప్ వాళ్లు బయోస్ కోసం నెలల తరబడి ఎదురుచూశారు. మీరు చూసిన వరుస ఆ తర్వాతి నెలలో బయటపడిన ఇన్సెప్షన్ లోపానిది. మీ 5600ఎక్స్‌కి మందు బయోస్‌లోనే ఉంటుంది.

ఇప్పుడు ఏ రివిజన్ నడుస్తోందో చూడాలంటే ప్రాక్ కింద సీపీయూఇన్‌ఫో ఫైల్‌లో మైక్రోకోడ్ అన్న మాట గ్రెప్ చేయండి, ఆ నంబర్ ఎక్కడైనా రాసి పెట్టుకోండి. కెర్నల్ లేచేటప్పుడు మార్చిందా లేదా అన్నది జర్నల్‌సీటీఎల్ మైనస్ కే ఇచ్చి మైక్రోకోడ్ వరుసలు చూస్తే తెలుస్తుంది. కెర్నల్ నిజంగా కొత్తది ఎక్కించి ఉంటే అక్కడ అప్‌డేట్ అయినట్టు ఒక వరుస కనిపిస్తుంది.

నెమ్మదినెమ్మదిగా

నేను వేరేగా చెప్తాను, కోపం తెచ్చుకోకండి. మెషీన్ బాగా నడుస్తోంది, పని దాని మీదే ఉంది అన్నారు. అలాంటప్పుడు బయోస్ జోలికి పోవడం ఎందుకు? 2018 జనవరిలో స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపం కోసం హడావిడిగా వచ్చిన ఇంటెల్ మైక్రోకోడ్ వల్ల హాస్‌వెల్, బ్రాడ్‌వెల్ తరాల ఇంటెల్ మెషీన్లు వాటంతటవే రీబూట్ అయ్యాయి, చివరికి ఇంటెలే దాన్ని పంచవద్దని చెప్పింది, డిస్ట్రోలన్నీ వెనక్కి తీసుకున్నాయి. అప్పటి నుంచి నాకు ఒక పద్ధతి ఉంది. ఏ అప్‌డేట్ అయినా కొన్ని వారాలు ఆగి, మిగతావాళ్లు పెట్టుకున్నాక పెడతాను.

బూట్‌లోడర్

ఆగడం మంచిదే, మానేయడం మాత్రం మంచిది కాదు. నెమ్మదిగారు చెప్పిన 2018 సంగతినే తీసుకోండి. ఆ చెడ్డ మైక్రోకోడ్ డిస్ట్రో ప్యాకేజీగా వచ్చింది కాబట్టి పాత ప్యాకేజీకి వెళ్లి ఒక్క రీబూట్‌తో బయటపడ్డారు. ప్యాకేజీ వల్ల మెషీన్ అసలు లేవకపోయినా గ్రబ్‌లో (బూట్ మెనూలో) కెర్నల్ వరుస చివర డిస్-యూకోడ్-ఎల్‌డీఆర్ అన్న పారామీటర్ చేరిస్తే (పదాల మధ్య అండర్‌స్కోర్ ఉంటుంది) కెర్నల్ ఆ ప్యాచ్ జోలికి పోదు, బయోస్ ఇచ్చిన పాతదాంతోనే లేస్తుంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే మైక్రోకోడ్ ప్యాకేజీ అంటే భయం సగం పోతుంది. అదే చెడ్డ మైక్రోకోడ్ బయోస్‌లో వస్తే వెనక్కి వెళ్లడం అంత సులువు కాదు, కొన్ని బయోస్‌లు పాత వెర్షన్‌ని ఒప్పుకోవు కూడా. అందుకే బయోస్ దగ్గర కొన్ని వారాలు ఆగమంటే నేనూ సరే అంటాను. 2021 నుంచి ఇప్పటిదాకా ఆగడం మాత్రం ఆగడం కాదు.

ఇంకో కారణం కూడా ఉంది. 2025 ఫిబ్రవరిలో గూగుల్ భద్రతా బృందం బయటపెట్టిన ఎంట్రీసైన్ గురించి చాలామంది పట్టించుకోలేదు. జెన్ 1 నుంచి జెన్ 4 తరం దాకా ఏఎండీ చిప్‌లు మైక్రోకోడ్ సంతకాన్ని సరిచూసే పద్ధతిలోనే లోపం ఉంది, అందులో వాడిన తాళంచెవి అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ పత్రాల్లో ఉదాహరణగా అచ్చువేసినదే. రూట్ హక్కులున్నవాడు సొంతంగా మైక్రోకోడ్ రాసి ఎక్కించగలడు అన్నమాట. ఆ తర్వాత జెన్ 5 పేరు కూడా ఈ జాబితాలో చేరింది. సరిచూసే పద్ధతినే మార్చాలి కాబట్టి మందు బయోస్‌లో రావాలి. కెర్నల్ వాళ్లు తమ వంతుగా, తమకు తెలిసిన షా256 చెక్‌సమ్ సరిపోలితేనే ఏఎండీ ప్యాచ్ ఎక్కించేలా కట్టడి పెట్టారు. మీ 5600ఎక్స్ జెన్ 3, కాబట్టి ఇది మీకూ వర్తిస్తుంది.

టెర్మినల్_పిట్ట

ఇద్దరికీ చాలా థాంక్స్. నంబర్ రాసిపెట్టుకున్నాను, జర్నల్‌లో కెర్నల్ ఏమీ మార్చలేదు, పెంగ్విన్ గారు చెప్పినట్టే. అయితే బయోస్ తప్పదు. విండోస్ లేకుండా ఎలా?

పెంగ్విన్‌గూడు

విండోస్ అవసరమే లేదు, నిజానికి డెస్క్‌టాప్ బోర్డుకి విండోస్ లోపలి నుంచి ఫ్లాష్ చేయడమే (బయోస్ ఎక్కించడమే) నాకు నచ్చదు.

ముందు బోర్డు పేరు ఖాయం చేసుకోండి. సిస్ కింద క్లాస్, డీఎంఐ, ఐడీ ఫోల్డర్‌లో బోర్డ్-నేమ్, బయోస్-వెర్షన్, బయోస్-డేట్ ఫైళ్లుంటాయి, రూట్ కూడా అక్కర్లేదు, క్యాట్ చేస్తే చాలు. బోర్డు మీద రివిజన్ నంబర్ కూడా చిన్న అక్షరాల్లో అచ్చువేసి ఉంటుంది, కొన్ని మోడళ్లలో ఒకటో రివిజన్‌కి ఒక బయోస్, రెండో రివిజన్‌కి ఇంకోటి. పేరు చివర ఒక్క అక్షరం తేడా ఉన్నా అది వేరే బోర్డు. ఇక్కడ పొరపాటు పడితే తర్వాత ఎంత జాగ్రత్త పడ్డా లాభం లేదు, కాబట్టి నిదానంగా చూడండి.

తయారీదారు సైట్‌లో ఆ మోడల్ పేజీ నుంచి ఫైల్ దించుకుని, చెక్‌సమ్ ఇచ్చి ఉంటే షా256సమ్‌తో సరిచూసి, జిప్ విప్పి, ఫ్యాట్32గా ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో పెట్టండి. ఎక్స్‌ఫ్యాట్, ఈఎక్స్‌టీ4 అయితే చాలా బయోస్‌లు చదవవు. రీబూట్ చేసి బయోస్‌లోకి వెళ్తే అసూస్‌లో ఈజీ ఫ్లాష్, గిగాబైట్‌లో క్యూ-ఫ్లాష్, ఎంఎస్‌ఐలో ఎం-ఫ్లాష్, ఏఎస్‌రాక్‌లో ఇన్‌స్టంట్ ఫ్లాష్ అని ఉంటుంది, పేరే తేడా, పని ఒకటే. బోర్డు వెనక ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉందేమో కూడా చూసుకోండి. అది ఉంటే ఫ్లాష్ మధ్యలో ఆగిపోయినా ప్రాసెసర్, ర్యామ్ ఏవీ పనిచేయకపోయినా పెన్‌డ్రైవ్ నుంచి బోర్డుని మళ్లీ లేపొచ్చు. ఫ్లాష్‌బ్యాక్‌కి ఫైల్ పేరు ఫలానాలాగే ఉండాలి అన్న నియమం ఉంటుంది, మాన్యువల్‌లో రాసి ఉంటుంది, ముందే ఆ పేరుతో ఇంకో కాపీ పెట్టుకుంటే ధైర్యంగా ఉంటుంది.

యూపీఎస్ ఉంటే దాని మీద చేయండి.

చీకటితెర

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి, నాది ఇంటెల్ ఐ7-13700కే. 13, 14వ తరం ఇంటెల్ వాటికి వోల్టేజ్ సమస్య అని వచ్చింది కదా, నాకైతే ఇప్పటిదాకా క్రాష్ ఏమీ లేదు. ఇంటెల్-మైక్రోకోడ్ ప్యాకేజీ పెట్టుకుంటే చాలదా? ఇంటెల్ అన్నీ ఇస్తుందని పైన రాశారు.

బూట్‌లోడర్

మీకు మాత్రం ప్యాకేజీతో ఊరుకోవద్దని గట్టిగా చెప్తాను. ఆ సమస్యకి మొదటి పెద్ద ప్యాచ్ 2024 ఆగస్టులో 0ఎక్స్129, అది 1.55 వోల్టుల పైన అడగకుండా ఆపుతుంది. సెప్టెంబర్‌లో 0ఎక్స్12బి వచ్చింది, పెద్ద పనిలేకుండా ఖాళీగా ఉన్నప్పుడు కూడా ఎక్కువ వోల్టేజ్ అడిగే గుణాన్ని అది సరిచేస్తుంది. 2025 మేలో 0ఎక్స్12ఎఫ్, రోజుల తరబడి ఆపకుండా తేలిక పనిలో నడిచే మెషీన్ల కోసం. ఇవన్నీ ముఖ్యంగా బయోస్ అప్‌డేట్లుగా పంచారు. ఎందుకో ఆలోచించండి. కెర్నల్ లేచేదాకా చిప్ పాత మైక్రోకోడ్‌తోనే నడుస్తుంది, పైగా పవర్ పరిమితులు బోర్డు సెట్టింగులు, వాటిని ఏ ప్యాకేజీ మార్చదు. కొత్త బయోస్‌లో ఇంటెల్ డిఫాల్ట్ సెట్టింగ్స్ అన్న ప్రొఫైల్ ఉంటుంది, దాన్నే ఎంచుకోండి.

క్రాష్ లేదు అన్నది ఇక్కడ నిశ్చింతగా ఉండే కారణం కాదు. ఈ మైక్రోకోడ్ ఇకముందు జరిగే అరుగుదలని ఆపుతుంది, ఇప్పటికే అరిగిన చిప్‌ని బాగుచేయదు. ఈ వారంలోనే చేయండి. ఇంటెల్ ఈ చిప్‌లకి వారంటీ రెండేళ్లు పెంచింది, తర్వాత ఎప్పుడైనా కంపైల్ మధ్యలో కారణం లేని సెగ్‌ఫాల్ట్‌లు మొదలైతే అది గుర్తుపెట్టుకోండి.

చీకటితెర

ఇది ఇంత సీరియస్ అనుకోలేదు, ఈ రాత్రికే దించుకుంటాను.

వానచినుకు

ల్యాప్‌టాప్ వాళ్ల కోసం నా అనుభవం. నాకు పెన్‌డ్రైవ్ కూడా అక్కర్లేకుండా ఎఫ్‌డబ్ల్యూఅప్‌డీ అనే లినక్స్ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ టూల్‌తో అయిపోయింది. ఎఫ్‌డబ్ల్యూఅప్‌డీ మేనేజర్ కమాండ్‌కి ముందు రిఫ్రెష్, తర్వాత గెట్-అప్‌డేట్స్, తర్వాత అప్‌డేట్. ఫైళ్లు ఎల్‌వీఎఫ్‌ఎస్ అనే చోటి నుంచి వస్తాయి, తయారీదారులే అక్కడ పెడతారు. లెనోవో, డెల్, హెచ్‌పీ, ఫ్రేమ్‌వర్క్ మోడళ్లు చాలా ఉన్నాయి. డెస్క్‌టాప్ బోర్డులు విడిగా కొన్నవైతే అక్కడ దొరకడం అరుదు, నా పాత డెస్క్‌టాప్‌కి గెట్-డివైసెస్‌లో బోర్డు కనిపించినా అప్‌డేట్ ఒక్కటీ లేదు. ఎస్‌ఎస్‌డీ ఫర్మ్‌వేర్ మాత్రం దొరికింది.

ఛార్జర్ పెట్టాలి, బ్యాటరీ కూడా తగినంత ఉండాలి, లేకపోతే అదే ఒప్పుకోదు. మెషీన్ యూఈఎఫ్‌ఐ మోడ్‌లో బూట్ అవ్వాలి, పాత లెగసీ మోడ్ అయితే ఈ రకం అప్‌డేట్ నడవదు. ఫైల్ ఈఎఫ్‌ఐ విభాగంలో పెట్టి రీబూట్ అయ్యాక ఫర్మ్‌వేరే స్వయంగా ఫ్లాష్ చేసుకుంటుంది.

నాకు దెబ్బ తగిలింది వేరే చోట. నా డిస్క్ లక్స్‌తో ఎన్‌క్రిప్ట్ చేసి, టీపీఎం (తాళాలు దాచే భద్రతా చిప్)తో దానంతటదే తెరుచుకునేలా పెట్టుకున్నాను. అప్‌డేట్ తర్వాత టీపీఎం కొలతలు మారి అది తెరవనంది. పాస్‌ఫ్రేజ్ ఒకటుంది, కానీ ఏడాదిగా కొట్టిందే లేదు. చాలాసేపు ఒకదాని తర్వాత ఒకటి ప్రయత్నిస్తే చివరికి గుర్తొచ్చింది, ఆ కాసేపు చేతులు వణికాయి. లోపలికి వెళ్లాక సిస్టమ్‌డీ-క్రిప్ట్ఎన్‌రోల్‌తో పాత టీపీఎం స్లాట్ తుడిచి మళ్లీ నమోదు చేశాను. కాబట్టి అప్‌డేట్‌కి ముందే ఒకసారి పాస్‌ఫ్రేజ్ చేత్తో కొట్టి చూసుకోండి, ఇది అందరికీ చెప్పాలనే రాస్తున్నాను.

పెంగ్విన్‌గూడు

వానచినుకు గారు చెప్పింది ఏఎండీ డెస్క్‌టాప్‌లకి ఇంకా ముఖ్యం. బయోస్ మారాక మొదటి బూట్‌లో చాలా బోర్డులు ఎఫ్‌టీపీఎం (ఫర్మ్‌వేర్‌లో ఉండే టీపీఎం) చెడిందనో మారిందనో చెప్పి, రీసెట్ చేయాలా, వై లేదా ఎన్ నొక్కండి అని అడుగుతాయి. టీపీఎంలో మీ తాళాలేవీ లేకపోతే వై నొక్కితే నష్టం లేదు. ఉంటే, పాస్‌ఫ్రేజ్ చేతిలో లేకుండా వై నొక్కకండి.

టెర్మినల్_పిట్ట

అయిపోయింది! కానీ నేరుగా అవ్వలేదు, జరిగింది జరిగినట్టు రాస్తాను, ఇంకెవరికైనా పనికొస్తుంది.

ముందు బయోస్‌లోని సెట్టింగులన్నీ ఫోన్‌తో ఫోటోలు తీసుకున్నాను. ఫైల్ బోర్డులోని ఫ్లాష్ మెనూలోనే ఎక్కించాను, గీత వంద శాతం చేరి రీబూట్ అయింది. తర్వాత తెర నల్లగా అయిపోయి ఫ్యాన్లు తిరుగుతూ ఉన్నాయి, ఏమీ రాలేదు. రెండు నిమిషాలు అనుకుంటా, నాకు మాత్రం అరగంటలా అనిపించింది, పవర్ బటన్ మీదకి చెయ్యి వెళ్లి ఆగిపోయింది. తర్వాత అదే లేచి ఎఫ్‌టీపీఎం ప్రశ్న అడిగింది, నాకు ఎన్‌క్రిప్షన్ లేదు కాబట్టి వై నొక్కాను. అప్పుడు మళ్లీ నేరుగా బయోస్‌లోకే వెళ్లింది. బూట్ జాబితాలో డెబియన్ లేదు! డిస్క్ కనిపిస్తోంది, బూట్ ఎంట్రీ మాత్రం పోయింది.

బూట్‌లోడర్

పవర్ బటన్ నొక్కకపోవడం మంచిపని. ఆ నల్లతెర సమయంలో బోర్డు ర్యామ్‌ని మొదటి నుంచి ట్రైనింగ్ చేసుకుంటుంది. డీడీఆర్4లో త్వరగానే అవుతుంది, డీడీఆర్5లో, ముఖ్యంగా నాలుగు స్టిక్‌లు ఉంటే, చాలా నిమిషాలు పట్టొచ్చు. అక్కడే ఓపిక పోయి చాలామంది ఆపేసి ఇబ్బంది తెచ్చుకుంటారు.

ఎంట్రీ పోవడానికి కారణం, ఆ జాబితా డిస్క్‌లో ఉండదు, బోర్డు సొంత మెమరీ అయిన ఎన్‌వీర్యామ్‌లో ఉంటుంది, ఫ్లాష్ దాన్ని తుడిచేసింది. మీ ఈఎఫ్‌ఐ విభాగంలో గ్రబ్ ఫైళ్లు క్షేమంగా ఉంటాయి. లైవ్ పెన్‌డ్రైవ్ నుంచి యూఈఎఫ్‌ఐ మోడ్‌లో లేచి ఈఎఫ్‌ఐబూట్‌ఎంజీఆర్‌తో ఎంట్రీ మళ్లీ రాయాలి. కొన్ని బోర్డుల్లో బయోస్‌లోనే ఫైల్ ఎంచుకుని బూట్ అవ్వొచ్చు, ముందు అది చూడండి.

టెర్మినల్_పిట్ట

లైవ్ డిస్క్‌తోనే చేశాను, ఈఎఫ్‌ఐబూట్‌ఎంజీఆర్‌కి డిస్క్, విభాగం నంబర్, ఈఎఫ్‌ఐ కింద డెబియన్ ఫోల్డర్‌లోని షిమ్ అనే బూట్ ఫైల్ దారి ఇచ్చాను, ఒక్కసారికే పడింది. లేచాక ఇంటర్నెట్ లేదు. కేబుల్, రూటర్ అన్నీ చూశాక ఐపీ కమాండ్ కొడితే నెట్‌వర్క్ కార్డు పేరు ఈఎన్‌పీ4ఎస్0 కాస్తా ఈఎన్‌పీ5ఎస్0 అయింది! ఇంటర్‌ఫేసెస్ ఫైల్‌లో పాత పేరు చేత్తో రాసి పెట్టుకున్నాను, అది మార్చాక నెట్ వచ్చింది. ఆ తర్వాత వర్చువల్ మెషీన్ లేవలేదు, ఎస్‌వీఎం (వర్చువలైజేషన్) సెట్టింగ్ ఆఫ్ అయిపోయి ఉంది. ర్యామ్ కూడా ఎక్స్‌ఎంపీ అనే వేగం ప్రొఫైల్ పోయి తక్కువ వేగంతో నడుస్తోంది. ఫోటోలు ఉండబట్టి రెండూ తిరిగి పెట్టాను.

ఇప్పుడు సీపీయూఇన్‌ఫోలో మైక్రోకోడ్ నంబర్ మారింది. ఆ వరుసలో "మిటిగేషన్, సేఫ్ రెట్" అని మాత్రమే ఉంది, నో మైక్రోకోడ్ అన్న మాట పోయింది. ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

పెంగ్విన్‌గూడు

చాలా సంతోషం అండీ. కార్డు పేరు మారడానికి కారణం, ఆ అంకె పీసీఐ బస్సు నంబర్ నుంచి వస్తుంది, కొత్త బయోస్ పరికరాలని వేరే వరుసలో లెక్కపెట్టింది. మళ్లీ ఇలా కాకూడదంటే సిస్టమ్‌డీ లింక్ ఫైల్‌లో మ్యాక్ అడ్రస్‌తో ఒక పేరు కట్టేయండి.

నెమ్మదినెమ్మదిగా

మొత్తం చదివాను. నా పాత ఎక్స్370 బోర్డుకి కూడా చేద్దామనిపిస్తోంది. కానీ దాని బయోస్ పేజీలో "ఈ వెర్షన్ తర్వాత బ్రిస్టల్ రిడ్జ్ పనిచేయదు" అని ఒక గమనిక ఉంది, దానికి ఆగిపోయాను. నా దగ్గరున్నది రైజెన్ 7 1700.

బూట్‌లోడర్

బ్రిస్టల్ రిడ్జ్ అంటే రైజెన్‌కి ముందటి పాత చిప్‌లు. మీ 1700 అది కాదు, సమ్మిట్ రిడ్జ్. మీ బోర్డు లాంటి పాత ఏఎం4 సాకెట్ బోర్డుల్లో చాలావాటికి బయోస్ చిప్ 16 ఎంబీ మాత్రమే, కొత్త ప్రాసెసర్లకి చోటు కోసం పాతవాటిని తీసేశారు, ఆ గమనిక దాని గురించే. అయినా ఎక్కించబోయే వెర్షన్‌కి మీ బోర్డు ప్రాసెసర్ జాబితాలో 1700 ఉందో లేదో ఒకసారి చూసుకోండి. ఇంకోటి, పాత బోర్డుల్లో నేరుగా చివరి వెర్షన్‌కి దూకొద్దు, ముందు ఫలానాది ఎక్కించాలి అని మధ్యలో మెట్టు పెట్టి ఉంటారు. పేజీలో అన్ని వెర్షన్ల గమనికలూ కింది నుంచి పైకి చదువుతూ రండి.

నెమ్మదినెమ్మదిగా

ఉంది, జాబితాలో 1700 ఉంది. మధ్యలో ఒక మెట్టు కూడా రాసి ఉంది, మీరు చెప్పకపోతే చూసేవాడిని కాదు. ఆదివారం రెండు పెన్‌డ్రైవ్‌లు పెట్టుకుని కూర్చుంటాను.

చీకటితెర

నాది అయింది, 0ఎక్స్12ఎఫ్ చూపిస్తోంది, ఇంటెల్ డిఫాల్ట్ ప్రొఫైల్ పెట్టాను. నాకు బూట్ ఎంట్రీ పోలేదు, సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న కోడ్‌నే నడవనిచ్చే సెట్టింగ్) మాత్రం దానంతటదే ఆన్ అయి, నేను సంతకం చేయకుండా కట్టుకున్న గ్రాఫిక్స్ మాడ్యూల్‌ని కెర్నల్ ఎక్కించుకోలేదు. తెర చిన్న రిజల్యూషన్‌లో వస్తే ముందు కార్డు పోయిందనుకున్నాను. సొంత తాళంచెవి చేసి మాడ్యూల్‌కి సంతకం పెట్టి, ఆ తాళంచెవిని ఎంఓకే (సొంత తాళంచెవుల జాబితా)లో నమోదు చేశాను, ఇప్పుడు సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండగానే నడుస్తోంది.